కోర్టు చెట్టు కింద దొరికే తప్పుడు సలహాలు

అశ్వారావుపేటలో పొద్దున్నే కొత్తగూడెం బస్సు ఎక్కేవాళ్లలో వాయిదాకు పోయేవాళ్లు ఇట్టే తెలిసిపోతారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడ్డ కాగితాలు, పైన అన్నం డబ్బా. 2022 జూన్ 2న కొత్త జిల్లా కోర్టులు మొదలయ్యే వరకు మాకు జిల్లా కోర్టంటే ఖమ్మమే. ఇప్పుడు దూరం తగ్గింది. కోర్టు ఆవరణలో చెట్టు కింద ఉచితంగా దొరికే సలహాలు మాత్రం తగ్గలేదు.

అర్జీలు రాసే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి ఆ సలహాలు ఏళ్లుగా నా చెవిన పడుతున్నాయి. పొలం గట్టు తగాదాలో తప్పుడు సలహా వింటే గజం నేల పోతుంది. మతి చలించినవాడి చేతిలో ఒక ప్రాణం పోయిన కేసులో వింటే రెండు కుటుంబాలు పోతాయి. ఆ రెండో రకం సలహాలే ఇక్కడ రాస్తున్నాను, చెప్పేవాళ్లు ఎలా చెబుతారో అలాగే. వీటిలో ఏ ఒక్కటీ పాటించకండి.

"ముందు డాక్టరు దగ్గర పిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకోండి. కేసు కొట్టేస్తారు."

అన్నిటికంటే ముందు వచ్చే సలహా ఇదే, ఎక్కువ డబ్బు తినేదీ ఇదే. అప్పు చేసి పట్నం పోయి ఒక కాగితం తెస్తారు. ఇతనికి స్కిజోఫ్రీనియా ఉందని అందులో రాసి ఉంటుంది. నిజంగానే ఉండవచ్చు. కానీ కోర్టు అడిగే ప్రశ్న అది కాదు. పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. రెండూ అడిగేది ఒకటే. ఆ పని చేస్తున్న ఘడియలో, మతి స్థిమితం లేనందువల్ల, తాను చేస్తున్నదేమిటో అతనికి తెలియకుండా పోయిందా? లేదా అది తప్పని, చట్టవిరుద్ధమని తెలుసుకునే శక్తి లేకుండా పోయిందా? జబ్బు ఉండటం వేరు, ఆ ఘడియలో ఆ జబ్బు మనిషి తెలివిని మింగేయడం వేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషి మతి స్థిమితం లేనివాడని అనుకోకూడదు, అది తేల్చాల్సింది కోర్టు.

సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరు ఆ ఘడియలో అక్కడ లేడు. ముద్దాయిని ఆయన చూసేది నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది తర్వాత. అప్పటికి జైల్లో మందులు పడి ఉంటాయి, నిద్ర కుదిరి ఉంటుంది, లేదా జబ్బు ఇంకా ముదిరి ఉంటుంది. మా మండలంలో ఏ ఆయిల్‌పామ్ రైతునైనా అడగండి. ఈరోజు ఎవరినో తోటలోకి తీసుకొచ్చి, నిరుడు శ్రావణంలో ఫలానా చెట్టు ఎన్ని గెలలు వేసిందో చెప్పమంటే ఏం చెబుతాడు? మట్టలు చూసి, మొదలు చూసి, గెల కోసిన గుర్తులు చూసి ఒక అంచనా కట్టగలడు. ఫ్యాక్టరీ తూకం చీటీలు చేతిలో పెడితే ఆ అంచనాకు బలం వస్తుంది. చీటీలు లేకపోతే అది వట్టి ఊహ.

నిపుణుల సాక్ష్యానికి మన కోర్టులు కొలబద్దగా వాడే తీర్పుల్లో ఒకటి నిజంగా తోటల గురించే. 1999లో సుప్రీంకోర్టు ఇచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో స్కాబ్ తెగులు పట్టిన యాపిల్ పళ్లను ప్రభుత్వం కొన్న వ్యవహారం అది. ప్రభుత్వం కొన్నన్ని కాయలు ఆ చెట్లు కాసి ఉండవని ఉద్యానశాఖ అధికారి తర్వాత తోటలు చూసి అభిప్రాయం ఇచ్చారు. కోర్టు దాన్ని నమ్మలేదు. నిపుణుడనే మనిషికి సరిగ్గా ఆ విషయంలోనే చదువో అనుభవమో ఉండాలి, ఏ ఆధారాల మీద ఆ అభిప్రాయానికి వచ్చాడో అవన్నీ జడ్జి ముందు పరచాలి, వాటిని జడ్జి సొంతంగా తూచుకోవాలి అని చెప్పింది. నిపుణుడు ఘటనను చూసిన సాక్షి కాడు, సలహా చెప్పే సాక్షి. ఆ సలహా విలువంతా ఆధారాల్లోనే ఉంది.

మన కేసులో తూకం చీటీలు ఏమిటంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఓపీ చీటీ. మందుల దుకాణం బిల్లు. ఖాళీ అయిన మాత్రల అట్ట. ఇంటికొచ్చి చూసిన ఆర్‌ఎంపీ. ఊళ్లో తిరిగే ఆశా కార్యకర్త. రాత్రి మూడింటికి ఎవరితోనో మాట్లాడుతూ వీధిలో తిరుగుతుంటే చూసిన పక్కింటాయన. 2002లో సుప్రీంకోర్టు ఒక మహారాష్ట్ర పోలీసు కానిస్టేబుల్‌ను, భార్యను రుబ్బురాయితో కొట్టి చంపిన కేసులో, మతి స్థిమితం లేనివాడని నిర్దోషిగా వదిలింది. ఒక్క డాక్టరు మాట చూసి కాదు. తండ్రికీ మానసిక జబ్బు ఉండేది. ఘటనకు ముందే అతనికి వైద్యం జరిగింది. ఘటన తర్వాత, 1994 జూన్ నుంచి డిసెంబరు లోపల, 25 సార్లు ఆసుపత్రికి తీసుకెళ్లినట్టు రికార్డు ఉంది. చంపాక పారిపోలేదు, దాచిపెట్టే ప్రయత్నం చేయలేదు. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాకే డాక్టరు మాటకు బరువు వచ్చింది.

నాకు తెలిసిన ఒక ఇంట్లో ఈ చీటీలన్నీ పొయ్యిలో వేశారు. కేసు రాకముందే. "ఇంట్లో పిచ్చి మందుల కాగితాలుంటే చెల్లెలికి సంబంధాలు రావు" అని ఒక పెద్దమనిషి చెప్పాడట. రెండేళ్ల తర్వాత అదే కుర్రాడి మీద కేసు పడింది. వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి, "కాగితాలు లేవయ్యా, కానీ నాకన్నీ గుర్తున్నాయి" అంది. ఆమె సంగతి మళ్లీ చెబుతాను.

"హైదరాబాద్ నుంచి పెద్ద డాక్టరును దింపండి. పేరున్నవాడైతే జడ్జి కాదనలేడు."

పేరు చూసి జడ్జిలు మోసపోయిన చోట్లు ఉన్నాయి, అందుకే ఈ సలహా అంటే నాకు భయం. అమెరికాలోని టెక్సాస్‌లో జేమ్స్ గ్రిగ్సన్ అని ఒక సైకియాట్రిస్టు ఉండేవాడు. హత్య కేసుల్లో ప్రాసిక్యూషన్ తరఫున బోనెక్కి, ఈ మనిషి మళ్లీ చంపి తీరతాడని ఢంకా బజాయించి చెప్పేవాడు. కొందరిని ఒక్కసారి కూడా పరీక్షించకుండానే చెప్పాడు. మాటలో తడబాటు లేదు, ముఖంలో సందేహం లేదు, జ్యూరీ నమ్మింది. పత్రికలు ఆయనకు డాక్టర్ డెత్ అని పేరు పెట్టాయి. భవిష్యత్తులో ఎవరు ప్రమాదకరమో చెప్పే ఇలాంటి జోస్యాలు మూడింటిలో రెండు తప్పుతాయని 1983లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషనే అక్కడి సుప్రీంకోర్టుకు నివేదించింది. అయినా కోర్టు ఆ సాక్ష్యాన్ని ఆపలేదు. గ్రిగ్సన్ సాక్ష్యంతో 1977లో మరణశిక్ష పడ్డ రాండల్ డేల్ ఆడమ్స్, చేయని నేరానికి పన్నెండేళ్లు లోపలుండి 1989లో బయటికొచ్చాడు. 1995లో ఆ సంఘం గ్రిగ్సన్‌ను బహిష్కరించింది. అప్పటికి ఎందరి గతి ఏమైందో తలచుకుంటే నిద్ర పట్టదు.

చూడకుండా చెప్పే అలవాటు కొత్తది కాదు. మన 84వ సెక్షన్‌కు మూలమైన 1843 నాటి లండన్ కేసు, ప్రధానమంత్రి కార్యదర్శిని మెక్‌నాటన్ కాల్చి చంపిన కేసు, అందులోనూ విచారణ జరుగుతుంటే కోర్టులో కూర్చుని విన్న డాక్టరు లేచి అభిప్రాయం చెప్పాడు. ఖైదీని ముందెప్పుడూ చూడని వైద్యుణ్ని ఇలా అడగవచ్చా అన్న ప్రశ్న అప్పుడే ప్రభువుల సభ దాకా వెళ్లింది. మన దగ్గర 2021 జనవరి 24 రాత్రి మదనపల్లెలో ఇద్దరు కూతుళ్ల హత్య జరిగాక, నిందితులైన తల్లిదండ్రులను ఇంకా ఏ వైద్యుడూ నిదానంగా పరీక్షించకముందే టీవీల్లో జబ్బు పేర్లు వినిపించాయి. వాళ్లను జైలు నుంచి విశాఖపట్నం మానసిక వైద్యశాలకు పంపింది ఆ తర్వాత. టీవీలో చెప్పింది విని ఏర్పడిన అభిప్రాయాన్నే సాక్షులు కోర్టుకు మోసుకొస్తారు. చనిపోయిన ఆ బిడ్డలకు, నిందితులకు, ఇద్దరికీ అది అన్యాయమే.

పేరు అడగకండి. ఇవి అడగండి. మనిషిని ఎన్నిసార్లు చూశారు, ఒక్కోసారి ఎంతసేపు? ఏ భాషలో మాట్లాడారు? ఇంటివాళ్లను పిలిపించి అడిగారా? పాత కేస్‌షీటు చదివారా? మీ అభిప్రాయానికి ఎదురు నిలిచే సంగతి ఏదైనా కనిపించిందా, కనిపిస్తే దాన్నేం చేశారు? జిల్లా ఆసుపత్రిలో కొత్తగా చేరిన కుర్ర డాక్టరు వార్డులో రెండు వారాలు రోజూ చూసి, నర్సుల నోట్సు జతచేసి ఇచ్చిన రిపోర్టు, ఇరవై నిమిషాలు చూసి రాసిన పెద్ద పేరు సర్టిఫికెట్ కంటే ఎన్నో రెట్లు గట్టిది. ఇంకో మాట. సైకియాట్రిస్టు వేరు, క్లినికల్ సైకాలజిస్టు వేరు. మొదటివారు వైద్యం చదివి మందులు రాసేవారు, రెండోవారు తెలివితేటల, వ్యక్తిత్వ పరీక్షలు చేసేవారు. తెలుగులో ఇద్దర్నీ మానసిక నిపుణుడనే అంటున్నాం. ఒకరు చెప్పాల్సింది ఇంకొకరు చెబితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవదు.

"వడ్డె దగ్గరికి తీసుకెళ్లిన సంగతి నోరెత్తకండి. కోర్టులో నవ్వుతారు."

ఈ సలహా మీద నాకున్న కోపం మిగతా అన్నిటి మీద కలిపినా లేదు.

మా చుట్టుపక్కల కోయ గూడేల్లో, కొండరెడ్ల ఊళ్లలో, ఆ మాటకొస్తే పేట నడిబొడ్డున కూడా, మనిషి తీరు మారితే మొదట పోయేది ఆసుపత్రికి కాదు. గాలి సోకిందంటారు, చెడుపు అంటారు, గోదావరి వైపు చిల్లంగి అంటారు. గూడెం పూజారి అయిన వడ్డె దగ్గరికో, సోది చెప్పే ఆమె దగ్గరికో తీసుకెళ్తారు. అంత్రం కట్టిస్తారు, కోడిని కోస్తారు. అది వైద్యం అవునా కాదా అన్నది పక్కన పెట్టండి. కోర్టు కావాలంటున్న సాక్ష్యం అదే కదా. ఘటనకు నాలుగు నెలల ముందే ఇంటివాళ్లు ఈ మనిషి మామూలుగా లేడని గుర్తించారు, ఖర్చు పెట్టుకుని పక్క ఊరికి తీసుకెళ్లారు, ఫలానా ఆయన చూశాడు, ఆ రాత్రి వీడు ఇలా ప్రవర్తించాడు. కేసు వస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు కాబట్టి అది కేసు కోసం పుట్టించిన మాట కాదు. ఏ సర్టిఫికెట్‌కూ లేని నమ్మకం దానికి ఉంది. దాన్ని సిగ్గుపడి దాచేస్తే, జబ్బు ఘటన రోజునే పుట్టిందన్నట్టు కనిపిస్తుంది. ప్రాసిక్యూటరు క్రాస్‌లో అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది: "ఇంతకు ముందు ఎక్కడైనా చూపించారా?" సాక్షి తల దించుకుని "లేదు" అంటాడు. అబద్ధమది. మనవాణ్ని ముంచే అబద్ధం.

డాక్టరుకు కూడా ఈ సంగతి కావాలి. భ్రమ అంటే ఏమిటో చెప్పేటప్పుడు, తన చుట్టూ ఉన్న సమాజం మామూలుగా నమ్మే నమ్మకాన్ని భ్రమగా లెక్కవేయకూడదని వైద్యశాస్త్రమే అంటుంది. చెడుపును నమ్మినంత మాత్రాన ఎవరూ రోగి కారు, గూడెమంతా నమ్ముతుంది. కానీ తన అన్నంలో సొంత తల్లే పురుగుల మందు కలుపుతోందని, రేడియోలో తన పేరే చదువుతున్నారని ఒకడు అంటుంటే గూడెంలోని వడ్డె కూడా "ఇది నా పని కాదు" అంటాడు. ఆ గీత ఎక్కడుందో హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టరుకు ఎలా తెలుస్తుంది? ఊరివాళ్లు చెబితేనే తెలుస్తుంది. కోయ మాట్లాడే ముసలాయన్ని తెలుగులో ప్రశ్నలడిగి, ఆయన బెరుకుతో ఊరుకుంటే, సమాధానాలు పొంతన లేవని రాసే ప్రమాదమూ ఇక్కడే ఉంది. భాష తెలిసినవాణ్ని పక్కన కూర్చోబెట్టమని అడగడం మన హక్కు.

నమ్మకానికీ మతిభ్రమణానికీ ఉన్న ఈ తేడాను కోర్టులు ఎప్పుడో గుర్తించాయి. ఒడిశాలో పాడుబడ్డ ఒక విమానాశ్రయం దగ్గర, రాత్రివేళ లాంతరు పెట్టుకుని ఇప్పపూలు ఏరుకుంటున్న ఆదివాసీ ఆడవాళ్లను దయ్యాలనుకుని ఒక నేపాలీ పనివాడు కుక్రీతో మీద పడ్డాడు. ఒకామె చనిపోయింది, ఇద్దరికి దెబ్బలు తగిలాయి. అతన్ని వదిలేయడం సరైనదేనని ఒరిస్సా హైకోర్టు అంది. పిచ్చివాడని కాదు. ఎదుట ఉన్నది మనుషులని తెలియక పొరబడ్డాడని, పాత శిక్షాస్మృతి 79వ సెక్షన్ కింద. ఇప్ప చెట్ల కింద తెల్లవారకముందే పూలు ఏరే మా వాళ్లకు ఆ చీకటి, ఆ లాంతరు వెలుగు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. అలాగని ఈ తీర్పును చేతబడి హత్యలకు అడ్డం పెట్టుకోమని ఎవరైనా అంటే అది మరో తప్పుడు సలహా. ఎదురుగా ఉన్నది ఫలానా ముసలమ్మ అని తెలిసి, చెడుపు చేస్తోందన్న నమ్మకంతో చంపితే అది హత్యే. ఆ నమ్మకం ఊరంతటిదీ అయినా సరే. ఒంటరి వాళ్లను, వయసు మళ్లిన వాళ్లను అలా పొట్టన పెట్టుకున్న ఊళ్లు ఉన్నాయి. వాళ్ల తరఫున మాట్లాడే నిపుణుడెవరూ బోనెక్కడు.

"పిచ్చివాడిలా ఉండమనండి. డాక్టరు ముందు నవ్వమనండి, బట్టలు చించుకోమనండి."

వద్దు. నిజంగా జబ్బున్న వాళ్లలో చాలామంది తమకేమీ లేదనే అంటారు, గొంతులు వినిపిస్తున్న సంగతి దాచుకుంటారు. నటించేవాడు చూపించుకుంటాడు. పగలు డాక్టరు ముందు చూపించుకున్నవాడు రాత్రి వార్డులో ఆదమరిచి నిద్రపోతాడు, వేళకు తింటాడు, పక్క మంచం వాడితో కబుర్లాడతాడు. నర్సు రాసుకుంటుంది. అన్నిటికంటే దారుణం ఏమిటంటే, నిజమైన రోగికి నటన నేర్పితే ఆ ఒక్క నటన బయటపడి అసలు జబ్బు కూడా అబద్ధమైపోతుంది.

"సాక్షులందరూ ఒకే మాట మీద ఉండండి. పుట్టినప్పటి నుంచీ పిచ్చే అనండి."

ఈ సలహాకు జవాబు మన తెలుగువాడే రాశాడు. రాజమహేంద్రవరంలో 1902లో పుట్టి, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా కూర్చుని, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు. 1964లో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా, గుజరాత్ నుంచి వచ్చిన దహ్యాభాయి కేసులో ఆయన ఇచ్చిన తీర్పును మతి స్థిమితం లేదన్న వాదన వచ్చిన ప్రతి చోటా ఈనాటికీ చదువుతారు.

భార్య ఒంటి మీద 44 గాయాలు. అర్ధరాత్రి గది తలుపు లోపల గడియ. ఇరుగుపొరుగు వచ్చి తీయమంటే తీశాడు. పోలీసులకు ఒకలా చెప్పిన సాక్షులు కోర్టులో మాట మార్చి అతను పిచ్చివాడన్నారు. చనిపోయిన ఆమె తండ్రి కూడా. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసి, కోర్టులో చెప్పింది తర్వాత అల్లుకున్నదని సుబ్బారావు గారు తేల్చారు. శిక్ష ఖాయమైంది. కానీ అదే తీర్పులో పేదవాడికి పెద్ద అండ ఒకటి దొరికింది. నేరం రుజువు చేసే భారం మొదటి నుంచి చివరి దాకా ప్రాసిక్యూషన్‌దే. మతి స్థిమితం లేదని చూపాల్సింది ముద్దాయే అయినా, అది అనుమానానికి తావు లేనంతగా రుజువు కానక్కర్లేదు, సివిల్ దావాలో లాగా మొగ్గు చూపిస్తే చాలు. అంతవరకూ రాలేకపోయినా, ఉన్న సాక్ష్యం వల్ల అతనికి ఆ ఉద్దేశం ఉందా అన్న సందేహం జడ్జి మనసులో కలిగితే, ఆ సందేహ ఫలం ముద్దాయిదే. చూడాల్సిన సమయం నేరం జరిగిన సమయం. దాన్ని తెలుసుకునే దారి, దానికి ముందు, అప్పుడు, ఆ తర్వాత ఉన్న పరిస్థితులు.

కాబట్టి సాక్షులకు కంఠస్థం చేయించకండి. అన్న ఒకటి చూసి ఉంటాడు, కిరాణా కొట్టాయన ఇంకొకటి చూసి ఉంటాడు. "మధ్యలో మూడు నెలలు బాగానే ఉన్నాడండీ, కూలికి కూడా వచ్చాడు" అని ఒకడు చెబితే కేసు పోదు. జబ్బు అలాగే వస్తూ పోతూ ఉంటుందని డాక్టరు చెప్పడానికి ఆ మాటే ఆధారం అవుతుంది.

"డాక్టరు బాగానే ఉన్నాడని రాశాడు. ఇక చేసేదేం లేదు."

ఉంది. ఆ డాక్టరును ఏ ప్రశ్న అడిగారో ముందు చూడండి. విచారణ నడిపించుకునే స్థితిలో ఈరోజు ఉన్నాడా అన్నది ఒక ప్రశ్న, ఆ రోజు ఆ ఘడియలో ఎలా ఉన్నాడన్నది వేరే ప్రశ్న. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 328, 329 సెక్షన్లు, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 367, 368, ఈ మొదటి ప్రశ్నవే. దానికి జవాబు "బాగున్నాడు" అయితే రెండో ప్రశ్నకు తలుపు మూసుకోదు. ఈ రెంటినీ కలిపేసుకుని ఆశ వదిలేసిన కుటుంబాలను చూశాను.

పోలీసులు ఇచ్చుకునే సలహా ఒకటి ఉంది: "పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, బాగానే ఉన్నాడు. రిమాండ్‌కు పంపండి." పేరు, ఊరు చెప్పడానికి మతి మొత్తం అక్కర్లేదు. 2018లో మహారాష్ట్రకు చెందిన దేవీదాస్ రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీదే గట్టిగా మాట్లాడింది. అంతకు ముందే మానసిక వైద్యం జరిగిన సంగతి దర్యాప్తులో తెలిసినా పోలీసులు అతన్ని వెంటనే వైద్య పరీక్షకు పంపలేదు. ప్రాసిక్యూషన్ కేసులో అది పెద్ద లోపమని చెప్పి అతన్ని విడుదల చేసింది. ఇక్కడ ఇంటివాళ్లు చేయాల్సింది ఒకటుంది. అరెస్టయిన రోజే జబ్బు సంగతి రాతపూర్వకంగా స్టేషన్‌లో ఇవ్వండి, రిమాండ్ చేసే మేజిస్ట్రేట్ ముందు నోటితో చెప్పండి. లాయరును పెట్టుకునే స్థోమత లేకపోతే 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆసుపత్రి కేస్‌షీటు నకలు అడిగే హక్కు రోగికి 2017 చట్టం 25వ సెక్షన్ ఇచ్చింది.

"నార్కో టెస్టు అడగండి. మందు ఎక్కిస్తే నిజం కక్కుతాడు."

కక్కడు. ఆ మందు మత్తులో మనిషి నిజమూ చెబుతాడు, ఊహా చెబుతాడు, ఎదుటివాడు అడిగిన తీరులో దొర్లిన మాటనూ తనదిగా చెబుతాడు. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, మెదడు తరంగాల పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమంది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితం దానికదే సాక్ష్యం కాదు. దానివల్ల బయటపడ్డ వస్తువో సమాచారమో ఉంటే దానికే విలువ. అంతకు రెండేళ్ల ముందే పుణెలో ఒక సెషన్స్ కోర్టు మెదడు తరంగాల పరీక్షను ఆధారాల్లో ఒకటిగా తీసుకుని జీవితఖైదు వేసింది. యంత్రం పేరు చెబితే డాక్టరు పేరుకంటే తొందరగా లొంగిపోతాం, అందుకే ఇది రాస్తున్నాను.

డాక్టర్లకు వాళ్ల సీనియర్లు చెప్పే సలహా: "బోనులో తెలియదని మాత్రం అనకండి, పరువు పోతుంది." అయ్యా, అమ్మా, అనండి. సమన్లు అందుకుని అంత దూరం నుంచి వచ్చి, ఓపీ వదిలేసి వరండాలో గంటలు కూర్చుని, బోనులో అవమానం పడేది మీరేనని నాకు తెలుసు. అయినా, "ఆ రోజు అతను ఎలా ఉన్నాడో నేను చూడలేదు, వీళ్లు చెప్పినవీ ఈ కాగితాలూ నిజమైతే ఇలా ఉండి ఉండవచ్చు" అన్న డాక్టరు మాటే క్రాస్‌లో చెక్కుచెదరదు. అన్నీ తెలుసన్న డాక్టరును మూడు ప్రశ్నల్లో కూలదోస్తారు. ఆయనతో పాటు రోగీ కూలిపోతాడు.

"పిచ్చివాడని తేలితే రేపే ఇంటికి తెచ్చుకోవచ్చు."

తెచ్చుకోలేరు. మతి స్థిమితం లేక చేశాడని నిర్దోషిగా తేల్చినా, పాత కోడ్‌లో 335, ఇప్పుడు 374 సెక్షన్ కింద, సురక్షిత సంరక్షణలో ఉంచమని కోర్టు ఆదేశించవచ్చు. లేదా పూచీ తీసుకుని బంధువులకు అప్పగించవచ్చు. ఆ పూచీ ఇవ్వడానికి ఇంట్లో ఎవరో ఒకరు నిలబడాలి: మందులు వేయిస్తాను, ఎవరికీ హాని జరగకుండా చూస్తాను అని. చనిపోయినవాళ్ల ఇల్లు అదే వీధిలో ఉంటుంది. వాళ్ల భయం న్యాయమైనదే. ఈ సంగతి మొదటి రోజే చెప్పని సలహాదారు మీ మేలు కోరేవాడు కాడు. ఇంకా ఏ ప్రమాదమూ జరగని ఇల్లు మీదైతే, మనిషి తీరు మారిందని అనిపించిన రోజే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

చీటీలు పొయ్యిలో వేసిన ఆ తల్లి సంగతి. లాయరు గారు తేదీలు కావాలన్నారు. ఆమెకు తేదీలు రావు. ఇద్దరం సాయంత్రం దాకా కూర్చున్నాం. వాడు అన్నం మానేసింది ఎప్పుడమ్మా అంటే, "ఇప్పపూలు అయిపోయి తునికాకు కల్లం తెరిచిన వారం" అంది. రాత్రుళ్లు బయట తిరగడం మొదలెట్టింది? "కొత్తల పండక్కి ముందు రెండో సంత." వడ్డె దగ్గరికి? "పెద్దోడి భార్య పురుడు పోసుకున్న మర్నాడు." తునికాకు కల్లం తెరిచిన తేదీ కల్లేదారు పుస్తకంలో ఉంది. పురుడు తేదీ ఆసుపత్రి రికార్డులో ఉంది. సంత ఏ వారమో ఊరందరికీ తెలుసు. ఆమె చెప్పింది ఒక్కొక్కటీ రాసి, పక్కన తేదీ వేసుకుంటూ పోయాను. రెండు పేజీలు నిండాయి. లాయరు గారు ఆ రెండు పేజీలు జైలుకు వచ్చే డాక్టరుకు పంపించారు. తర్వాత వాయిదాకు ఆ డాక్టరు ముందుగా అడిగింది ఆమె ఎక్కడుందని.